ఆశీర్వాదం అయ్యేదాకా

మిన్నీ బే, పోర్ట్ బ్లెయిర్
4 సెప్టెంబరు 1967

అమ్మడికి,

మామ్మ దీవెనలు. ఇక్కడ అందరం దేవుని దయవల్ల బాగున్నాం. దయ చాలనిచోట మీ నాన్న కేకలతో సర్దుకొస్తున్నాడు.

నీ ఉత్తరం అందింది. నర్సు చదువుకని విశాఖపట్నం వెళ్ళినదానివి, ఆదివారం మధ్యాహ్నాలు పిల్లల వార్డులో వాక్యపాఠాలు చెప్పే పని కూడా నెత్తిన వేసుకున్నావన్నమాట. పైగా "నా దగ్గర పాఠాల్లేవు మామ్మా, నువ్వు రాసి పంపు" అని. ముప్పై నాలుగేళ్ళు భీమిలి మిషన్ బడిలో చెప్పాను. మానేసి, కొడుకు వెంట ఈ దీవికి వచ్చి పదేళ్ళయింది. అయినా పంతులమ్మ పని నన్ను వదల్లేదు. వదిలితే నేను ఊరుకుంటానా అన్నది వేరే సంగతి.

పాఠాలకి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదే. కళ్ళు తెరుచుకుని తిరిగితే చాలు. మొన్న మాయాబందర్ బోటు టిక్కెట్టుకని ఫీనిక్స్ బే వెళ్ళాను. క్యూ జెట్టీ చివరిదాకా ఉంది. అందరికన్నా వెనక నేను, నా గొడుగు. రెండు గంటలు నిలబడ్డాక గుమాస్తాకి ఏం తోచిందో, ముందున్న కిటికీ టపీమని మూసేసి వెనకవైపు కిటికీ తెరిచాడు. అంతే, వెనకది ముందైంది! పొద్దున్నుంచీ మొదట నిలబడ్డ పెద్దమనిషి "అరే భయ్యా, యే క్యా బాత్ హై!" అని గోల పెట్టాడు. నేను మాత్రం టిక్కెట్టు తీసుకుని, చివరివారు మొదటివారవుతారన్న వాక్యం ఇన్నేళ్ళకి అర్థమైందని ఆయనకి హిందీలో విడమరిచి చెప్పాను. ఆయనకి అర్థమైనట్టు లేదు. నీ పిల్లలకి ఈ పాఠం చెప్పు.

మన పక్కింటి సింహాచలమ్మ ఎప్పటిలాగే ఉంది. దాని కోడి నా తులసి, క్షమించు, నా పుదీనా మొత్తం గీరేసింది. అడిగితే "పంతులమ్మా, నీ దేవుడు కోళ్ళకి కూడా ఆజ్ఞలిచ్చినాడేటి?" అంది. మన ఇంజన్ హ్యాండిల్ మీద కూడా దానికి వేళాకోళమే. నీకు తెలుసుగా, ఈ రేవులో ఇంజన్ పడవ మనదొక్కటే. శనివారం పొద్దు గూకేసరికి మీ నాన్న ఇంజన్ తిప్పే హ్యాండిల్ తెచ్చి నా చేతికివ్వాలి. అది ట్రంకుపెట్టెలో వాక్యపుస్తకం పక్కన పడుకుంటుంది. తాళంచెవి నా మొలలో. సోమవారం తెల్లారితేగాని పెట్టె తెరవను. "ఆదివారం సేపలకి కూడా సెలవేనేటమ్మా?" అంటుంది సింహాచలమ్మ. అననీ. నాకు బాప్తిస్మమిచ్చిన దొర పేరు మార్చమంటేనే, నూకరత్నం అన్న పేరుతో యేసయ్యకి అభ్యంతరం లేదన్నదాన్ని. దీని నోటికి భయపడతానా?

ఒంటిపూట తినకు. మీ అమ్మ చింతపండు పంపుతోంది.

మామ్మ
నూకరత్నం


విశాఖపట్నం
20 సెప్టెంబరు 1967

మామ్మకి,

అమ్మడు నమస్కారాలు. నీ క్యూ పాఠం సూపర్ హిట్! కాలికి కట్టు కట్టిన ఒకబ్బాయి అప్పట్నుంచీ మందుల వరసలో చివర నిలబడుతున్నాడు, ఎప్పుడు కిటికీ మారుతుందా అని. సిస్టరు నన్ను కోప్పడింది.

మామ్మా, ఇంకో పాఠం కావాలి. పోయిన వారం తప్పిపోయిన గొర్రె చెప్పాను. కాపరి తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలేసి ఒక్కదాని కోసం వెళ్ళాడు అనగానే, మంచంమీద పడుకున్న ఒక పిల్ల "మరి ఆ తొంభై తొమ్మిదింటినీ నక్క తినీదా?" అంది. నాకు జవాబు రాలేదు. నాకసలు గొర్రెలు తెలీవు, మన దీవిలో మేకలేగా ఉన్నాయి. ఆ పిల్లకి ఏం చెప్పాలో నీ స్టైల్లో రాసి పంపు. అది నాకోసం రోజూ ఎదురుచూస్తోంది.

నా తెలుగులో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపొద్దు ప్లీజ్. మొన్న హాస్టల్లో పక్కమంచం అమ్మాయి చూసి నవ్వింది.

సింహాచలమ్మత్తా వాళ్ళింట్లో అందరూ బాగున్నారా? అందరూ అంటే అందరూ.

నీ
అమ్మడు


విశాఖపట్నం
30 సెప్టెంబరు 1967

మామ్మకి,

వెంటనే ఇంకో ఉత్తరమేమిటి అనుకోకు. పోయిన ఉత్తరంలో "అందరూ అంటే అందరూ" అని రాశాను, నువ్వు పట్టేస్తావని భయపడ్డాను. తరవాత, పట్టలేదేమో అని ఇంకా భయమేసింది. అందుకే చెప్పేస్తున్నాను. సింహాచలమ్మత్త వాళ్ళ సూరయ్యా నేనూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాం.

కాగితం కింద పెట్టకు మామ్మా, చదువు. రెండేళ్ళయింది. నేను ఓడెక్కిన రోజు అబర్డీన్ బజార్ నుంచి నా పెట్టె మోసుకొచ్చింది తనే, గుర్తుందా? నువ్వు వాడికి టీ ఇచ్చి "వీడొక్కడే ఆ ఇంట్లో మనిషిలా మాట్లాడతాడు" అన్నావు. ఆ మాట నేను దాచుకున్నాను. తనకి తెలుగు రాయడం రాదు, హిందీలో రాస్తాడు. అందులో కూడా సగం చేపల సంగతులే.

వాళ్ళు హిందువులు అంటావు. తనని అడిగితే ఏమన్నాడో తెలుసా? "నీ దేవుడితో నాకు గొడవ లేదు, ఆ హ్యాండిల్‌తోనే" అన్నాడు. నవ్వొచ్చిందా? రాలేదా? నూకాలమ్మ అమ్మవారి పండగ అత్త మానదు, ఆదివారం నేను మానను, ఇద్దరం ఒకే ఇంట్లో ఉండలేమా? నువ్వూ అత్తా పదేళ్ళుగా ఒకే కోడితో ఉంటున్నారు కదా.

నాన్నకి నువ్వే చెప్పాలి. నువ్వు చెబితే నాన్న కూర్చుంటాడు, నుంచోమంటే నుంచుంటాడు. నువ్వు వద్దంటే నేనేం చేస్తానో నాకే తెలీదు. ఆరో తేదీకి ఓడ అక్కడికి చేరుతుందట. ఈ ఉత్తరం దాన్ని అందుకుంటుందనే ఆశ. తిరుగు ఓడకే జవాబు రాయి. ఒక్క ముక్క చాలు.

అమ్మడు


మిన్నీ బే
10 అక్టోబరు 1967

అమ్మడికి,

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం ఆరో తేదీ ఓడలో అందింది. ఈసారి నేను రాసేది మంచి కబురు కాదు. కూర్చుని చదువు.

సింహాచలమ్మ కొడుకు సూరయ్య మొన్న ఆదివారం సముద్రంలో పోయాడు. శనివారం సాయంత్రం అప్పలరాముడితో కలిసి వాళ్ళ తెరచాప పడవమీద వల తీసుకుని వెళ్ళాడు. తెల్లారేసరికి రావాలి. రాలేదు. ఎనిమిదిన్నరకి వాళ్ళమ్మ మన వరండా దగ్గరికొచ్చి ఇంజన్ పడవ పంపమంది. అక్కడే నా ఆదివారం ఆరాధన నడుస్తోంది. ఇక్కణ్ణించి చూస్తే సముద్రం పాలలా ఉంది. గంటా రెండు గంటల ఆలస్యం ఈ రేవులో రోజూ ఉన్నదే. ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చోమన్నాను. పది గంటలకి ఆశీర్వాదం అవగానే, ఆదివారమైనా సరే, పెట్టె తెరిచి హ్యాండిల్ మీ నాన్న చేతికిచ్చాను.

పడవ కొండమొన దాటాక బోర్లాపడి కనిపించిందట. అప్పలరాముడు దాని అడుగు పట్టుకుని ఉన్నాడు. సూరయ్య లేడు. నిన్న సోమవారం పొద్దున్న ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

వాడు మంచివాడు. ఇరవై ఆరేళ్ళు. తల్లి ఏడవడం లేదు, అదే నాకు బాగాలేదు. జనం నాలుగు మాటలంటున్నారు. నియమమంటే సౌకర్యంగా ఉన్నప్పుడు పాటించేది కాదు కదా. రేపన్నది ఎవరి చేతిలోనూ లేదని నీ వార్డు పిల్లలకి చెప్పే పాఠం ఇంతకన్నా ఏముంది?

నువ్వడిగిన గొర్రె పాఠం ఆరోజే చెప్పాను. కుదిరింది. శుభ్రంగా రాసిన కాగితం దీనితో పెడుతున్నాను. కాపరి తొంభై తొమ్మిదింటినీ దొడ్లో పెట్టి తడిక వేసే వెళ్తాడనీ, వాటికి భయం లేదనీ ఆ పిల్లకి చెప్పు.

మామ్మ


మిన్నీ బే
18 అక్టోబరు 1967

అమ్మడూ,

నీ ముప్పయ్యో తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్న.

నేను పదో తేదీన ఒక ఉత్తరం వేశాను. అది నీకు ఈపాటికి చేరే ఉంటుంది. చేరకపోతే, ఇది ముందొస్తే, దాన్ని విప్పకు. పొయ్యిలో పెట్టు. అందులో నీకు తెలియవలసిన మాట ఒకటే ఉంది, అది నేను వేరే విధంగా చెప్పవలసింది. నీ పక్కన కూర్చుని.

ఇప్పుడు కూడా చెప్పలేకపోతున్నాను. నాకు రాయడం చేతకాని రోజు ఇదొక్కటే.

పక్కమంచం అమ్మాయిని నీ దగ్గర ఉండమను.

మామ్మ


విశాఖపట్నం
20 అక్టోబరు 1967

మామ్మకి,

నీ పదో తేదీ ఉత్తరం అందింది. నాన్న కూడా రాశాడు, అదే ఓడలో. నువ్వు రాయనివి నాన్న రాశాడు.

పడవ తిరగబడినప్పుడు తెరచాప కర్ర తగిలి సూరయ్య భుజం విరిగింది. ఒంటిచేత్తో పట్టుకున్నాడు. అప్పలరాముడు చెప్పాడట: పొద్దు పైకొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు, నాన్న పేరెత్తి "సత్యారావు మామ ఇంజన్ వొచ్చీసుద్ది, సూడు" అని మాటిమాటికీ అన్నాడు. నాన్న చేరడానికి అరగంట ముందు చెయ్యి జారింది. అరగంట. మామ్మా, నువ్వు నాన్నని గంటన్నర ఆపావు.

నేను నర్సుని. భుజం విరిగిన మనిషి ఎంతసేపు పట్టుకోగలడో లెక్క కట్టడం నాకు వచ్చు. కట్టాను. కట్టకుండా ఉండాల్సింది.

ఇంకో సంగతి. నా ముప్పయ్యో తేదీ ఉత్తరం. ఆరో తేదీ ఓడ వచ్చిందని నువ్వే రాశావు. అంటే ఆదివారానికి నా ఉత్తరం నీ చేతిలో ఉంది. అందులో నీకు నచ్చని సంగతి ఉంది. దాని గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. "మంచివాడు, ఇరవై ఆరేళ్ళు" అని ఎవరో తెలియనివాడి గురించి రాసినట్టు రాశావు. నాకేం తెలీదనుకున్నావా? నువ్వు చంపాలనుకోలేదని నాకు తెలుసు. కొంచెం ఆలస్యమైతే కానీ అనుకున్నావు. హిందువుల కుర్రాడికి, మా అమ్మడి మీద కన్నేసినవాడికి, ఆదివారం విలువ తెలియాలి అనుకున్నావు. అవునా, కాదా?

గొర్రె పాఠం కాగితం తిప్పి పంపుతున్నాను. ఆ పిల్లని పోయిన వారం డిశ్చార్జి చేశారు. జవాబు అక్కర్లేకుండానే ఇంటికి వెళ్ళింది.

అమ్మడు


మిన్నీ బే
5 నవంబరు 1967

అమ్మడికి,

ఈరోజు ఆదివారం. వరండాలో చాప పరవలేదు. పది గంటలైంది. నీ ఉత్తరం మొన్నటి ఓడలో వచ్చింది. మూడు రోజులుగా జవాబు రాసి చింపుతున్నాను. అక్షరదోషాలున్నాయని కాదు.

ముందు నీ అనుమానం. నీ ముప్పయ్యో తేదీ ఉత్తరం మద్రాసులో ఆ ఓడని అందుకోలేదు. తరవాతి ఓడలో పదిహేడో తేదీన వచ్చింది. కవరు దీనితో పెడుతున్నాను. వెనకవైపు పోర్ట్ బ్లెయిర్ పోస్టాఫీసు ముద్ర చూడు, తేదీ స్పష్టంగా ఉంది. ఆదివారంనాటికి నాకేమీ తెలియదు. సూరయ్య నాకు సింహాచలమ్మ కొడుకు, అంతే.

ఆ ముద్ర చూసి మొదట ఊపిరి పీల్చుకున్నాను. అమ్మడు అన్నంత పాపిష్టిదాన్ని కాదు, సాక్ష్యం ఉంది, అని. కవరు దిండుకింద పెట్టుకున్నాను. తెల్లారి చూసుకుంటే అది నా మీదే సాక్ష్యం చెబుతోంది. ఎందుకంటావా? వాడు నీవాడని తెలిసి ఉంటే నేను లేచేదాన్ని. వాక్యం మధ్యలో ఆపి, చెప్పులైనా వేసుకోకుండా లోపలికి పరిగెత్తి పెట్టె తెరిచేదాన్ని. మనవాడు కాదు గనక లేవలేదు. పరాయి పిల్లాడు గనక ఆశీర్వాదం దాకా ఆగగలడనిపించింది. నువ్వు నా మీద వేసిన నేరం నిజం కాదు. నిజమైంది దానికన్నా చిన్నదేం కాదు.

ఇంకా ఉంది. రాయకపోతే ఎలా? "నియమమంటే సౌకర్యంగా ఉన్నప్పుడు పాటించేది కాదు" అని నీకు రాశాను. అది అబద్ధం. నాకు వాక్యం రాదా? విశ్రాంతి దినాన ఎద్దు గుంటలో పడితే ఎవరు పైకి లాగరని ప్రభువే అడిగాడు. ఆ వచనం నేను పిల్లలచేత ముప్పై నాలుగేళ్ళు వల్లె వేయించాను. ఆ పొద్దున నాకు అడ్డొచ్చింది ఆదివారం కాదు.

నీ గొర్రె పాఠం చెబుతున్నాను. నీకు పంపాలని రెండు రోజులు తయారుచేసిన పాఠం. ఇక్కడి పిల్లలకి తెలియాలని గొర్రెని మేకని చేశాను. కాపరి చీకట్లో ముళ్ళకంపల్లో దాన్ని పిలుచుకుంటూ వెళ్ళే చోటికి వచ్చాను. పాతికమంది ఊపిరి బిగబట్టి వింటున్నారు. నా మాట నాకే తియ్యగా ఉంది. సరిగ్గా అప్పుడు సింహాచలమ్మ మెట్లెక్కింది. "పంతులమ్మా, మా గుంటడు ఇంకా రానేదు. ఆ ఏండిలు ఓపాలి ఇయ్యి తల్లీ" అంది. తలలన్నీ అటు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది. మీ నాన్న లేవబోయాడు. నలభై రెండేళ్ళవాణ్ణి చూపుతో కూర్చోబెట్టాను. "ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చో సింహాచలం" అని చాపమీద చోటు చూపించాను. పెట్టె నాకు పదడుగుల దూరంలో ఉంది. పాఠం పూర్తి చేశాను. బాగా చెప్పాను. దానిమీద ఇంకో కీర్తన కూడా పాడించాను.

తప్పిపోయినదాన్ని వెతకడానికి వెళ్ళే కాపరి కథ చెబుతూ, తప్పిపోయినవాణ్ణి వెతకమని వచ్చిన తల్లిని కూర్చోబెట్టాను. నీ వార్డు పిల్లకి ఇప్పుడు నాకు జవాబు తెలుసు. తొంభై తొమ్మిదింటికి ఏ నక్క భయమూ లేదు. కాపరికే వాటిని వదిలి లేవబుద్ధి కాదు. ఎందుకంటే అవి చక్కగా కూర్చుని వింటాయి.

నీ ఉత్తరం చదివాక సింహాచలమ్మ ఇంటికి వెళ్ళాను. అంతకుముందు కూడా వెళ్ళాను, అన్నం పట్టుకుని. చెప్పడానికి వెళ్ళింది మాత్రం అప్పుడే. చేపలు ఎండబెడుతోంది. నన్ను చూసి పీట వేసింది.

"సింహాచలం, ఆరోజు నువ్వు రాగానే హ్యాండిల్ ఇచ్చి ఉంటే సూరయ్య దక్కేవాడు. నేను ఇవ్వలేదు" అన్నాను.

"తెలుసమ్మా" అంది, చేప తిరగేస్తూ.

"ఎవరు చెప్పారు?"

"ఎవులు సెప్పాల? నానక్కడే ఉన్నాను కదేటి."

"నన్ను తిట్టు. నీకు నోరుంది కదా. కోడిపెట్టకి తిట్టినన్ని తిట్లైనా తిట్టు."

అది నా మొహంలోకి చూసింది. అమ్మడూ, అది అన్నది అన్నట్టే రాస్తున్నాను, దిద్దకుండా.

"నిన్నేటని తిట్టేది పంతులమ్మా? నువ్వు కన్నావేటి ఆడిని? నీకెలా తెలుస్తాది? కన్నది నాను. నాకు కడుపులో తెలవాల. నువ్వు కూకోమన్నావు, కూకున్నాను. సదూకున్నది, దానికి తెలుసులే అనుకున్నాను. పార్దన, కళ్ళు మూసుకోమన్నావు, మూసీసుకున్నాను. మా గుంటడు ఒంటిసేత్తో నీటిలో ఏలాడతంటే నాను సాపమీద కళ్ళు మూసుకోని కూకున్నాను. మజ్జిన ఓపాలి తెరిసినాను. నువ్వు నాకేసి సూసినావు. మల్లీ మూసీసినాను."

తరవాత అది మళ్ళీ చేపలు తిరగేసుకుంది. దాని చేతిలో ఉన్న తట్ట పట్టుకుందామనుకున్నాను, చేతకాలేదు.

అది కళ్ళు తెరిచి మూసుకున్న ఆ క్షణం నాకు గుర్తుంది అమ్మడూ. క్రమశిక్షణ లేని మనిషి అనుకున్నాను.

మీ నాన్న ఆ ఆదివారం సాయంత్రమే హ్యాండిల్ పట్టుకుపోయి పడవలోనే ఉంచేశాడు. నాతో మాట్లాడడం లేదు. అన్నానికి పిలుస్తాడు, అంతే. మీ అమ్మ మా ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది. వరండాకి జనం పోయిన రెండు వారాలూ వచ్చి నిలబడ్డారు. నేను బయటికి రాలేదు. వెళ్ళిపోయారు.

క్షమించమని నిన్ను అడగడానికి నాకు నోరు రావడం లేదు. క్షమాపణమీద నా దగ్గర పదకొండు పాఠాలున్నాయి, అన్నీ ఎదుటివాళ్ళ కోసం తయారుచేసినవే. నువ్వు ఇక ఉత్తరం రాయకపోతే ఎందుకని అడగను. నేను మాత్రం ప్రతి ఓడకీ రేవుదాకా వెళ్తాను. వెళ్ళకుండా ఉండలేను.

మామ్మ


విశాఖపట్నం
9 డిసెంబరు 1967

మామ్మా, ఈ ఉత్తరం నీకు కాదు. సింహాచలమ్మత్తకి. ఆవిడకి చదువు రాదు, ఆ రేవులో తెలుగు ఉత్తరం తడబడకుండా చదివేది నువ్వొక్కదానివే. వాళ్ళింటికి తీసుకెళ్ళి చదువు. మొదటినుంచి చివరిదాకా, గట్టిగా. ఏ ముక్కా మింగకు.

అత్తా,

నిన్ను చిన్నప్పట్నుంచీ అత్తా అనే పిలిచాను. ఈసారి పిలుపు వేరు. నీకు ఎవరైనా చెప్పారో లేదో, సూరయ్యా నేనూ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. నీకు ఉగాదికి చెబుతానన్నాడు. అమ్మకి మంచి రోజు చూసి చెప్పాలి, లేకపోతే చేప మొహాన విసిరేస్తుంది అన్నాడు. నువ్వు విసురుతావని నేనూ అనుకున్నాను. విసిరితే బాగుండేది అత్తా.

తను రాసిన ఉత్తరాలు పదహారున్నాయి. హిందీలో ఉన్నాయి. వచ్చినప్పుడు చదివి వినిపిస్తాను. సగం చేపల సంగతులే. రెండింటిలో నీ సంగతి ఉంది. నువ్వు పులుసులో ఉప్పు ఎక్కువేస్తావనీ, అయినా ఇంకొకరి చేతి పులుసు తినలేననీ రాశాడు.

నువ్వు కళ్ళు మూసుకున్నావని మామ్మ రాసింది. అత్తా, నేను ఇక్కడ ఆరోజు ఎనిమిదిన్నరకి ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకున్నాను. పిల్లల వార్డులో ఒకమ్మాయికి జడ వేస్తున్నాను. నవ్వుతున్నాను కూడా. నాకేమీ తెలియలేదు. నా గుండె కొంచెమైనా ఆగలేదు. తెలియాలంటే నాకూ తెలియాలి కదా? నీకు తెలియలేదని నువ్వు తిట్టుకుంటే నన్ను కూడా తిట్టు. నిన్నొక్కదాన్నీ తిట్టుకోకు.

మార్చిలో నా పరీక్షలు. అవగానే ఓడెక్కుతాను. దిగి నేరుగా నీ దగ్గరికే వస్తాను. మా ఇంటికి ఎప్పుడు వెళ్తానో అప్పుడు చూద్దాం. నాకు గవర్నమెంటు ఆస్పత్రిలో పని దొరికితే ఆ ఊళ్ళోనే ఉంటాను. నీకు కాళ్ళ నొప్పులున్నాయని తను రాశాడు, మందు తెస్తాను.

ఇప్పుడు చదువుతున్న మనిషి సంగతి. మామ్మ పంపిన కవరు ముద్ర చూశాను. నేను అన్న మాట తప్పు. అది ఒప్పుకుంటున్నాను. అంతకన్నా రాయలేను. కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది, అబద్ధం మామ్మ వెంటనే పట్టేస్తుంది. ఎప్పుడు పోతుందో నాకు తెలీదు. పోవాలని ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే నువ్వే కనిపిస్తున్నావు అత్తా, చాపమీద. అందుకని కళ్ళు తెరిచే చేస్తున్నాను.

నీకు ఒక పని చెబుతాను. ఈ ఉత్తరం అయిపోగానే మామ్మ లేచి వెళ్ళిపోవాలని చూస్తుంది. వెళ్ళనివ్వకు. నీ పక్కన చాపమీద కూర్చోబెట్టు. పాఠం చెప్పనివ్వకు, ప్రార్థన చెయ్యనివ్వకు. ఏడిస్తే ఏడవనీ. నువ్వు చేపలు తిరగేసుకో, అన్నం వండుకో, నీ పని నువ్వు చేసుకో. నువ్వు లెమ్మనేదాకా లేవద్దని చెప్పు.

లెమ్మని ఎప్పుడు అంటావో నీ ఇష్టం అత్తా. నేను అడగను.

అమ్మడు